ఆటలో అరటిపండు ఎవరు?

వీడియో గేమ్ అనగానే మనలో చాలామందికి గదిలో ఒక్కడే కూర్చున్న కుర్రాడు, ఎదురుగా తెర, ఆగకుండా వినిపించే తుపాకీ మోతలు గుర్తొస్తాయి. కానీ ఈ ఆటల్లో ఇంకో రకం ఉంది. ఇద్దరో నలుగురో ఒకే జట్టుగా చేరి ఆడేవి. వీటిలో ఒకరి మీద ఒకరు గెలవడం ఉండదు. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. వీటిని కో-ఆప్ గేమ్స్ అంటారు. అక్కాతమ్ముళ్లు ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని ఆడతారు. పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలు ఆడతారు. డల్లాస్‌లో ఉన్న అన్న, విజయవాడలో ఉన్న చెల్లెలు ఇంటర్నెట్‌లో కలుసుకుని ఆడతారు. ర్యాంకుల మధ్య, మార్కుల మధ్య పెరుగుతున్న పిల్లలకు కలిసి గెలవడం నేర్పే ఆట ఏదైనా నాకు విలువైనదిగానే కనిపిస్తుంది.

అందుకే ఈ ఆటలను తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు మనల్ని ఏ మాటలతో పిలుస్తున్నారన్నది ముఖ్యం. ఆ పిలుపులో ఆడపిల్ల ఎక్కడుంది? జట్టులో సభ్యురాలిగా ఉందా, జాలి తలచి చేర్చుకున్న మనిషిగా ఉందా? ఈ పూట దాని గురించి మాట్లాడతాను.

2012 ఆగస్టులో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో గేర్‌బాక్స్ అనే కంపెనీ బోర్డర్‌ల్యాండ్స్ 2 అనే ఆటను విడుదలకు సిద్ధం చేస్తోంది. పండోరా అనే గ్రహం మీద నిధి కోసం సాగే షూటింగ్ గేమ్ అది. నలుగురి దాకా కలిసి ఆడవచ్చు. మొదటి భాగం 2009లో వచ్చి మంచి పేరు తెచ్చుకుంది. రెండో భాగం సెప్టెంబరులో రావాలి. వచ్చిన కొద్ది వారాలకే గేజ్ అనే కొత్త పాత్రను అందులో చేర్చాలని వాళ్ల ఆలోచన. గేజ్ ఒక టీనేజి అమ్మాయి. స్కూలు సైన్స్ ఫెయిర్ కోసం డెత్‌ట్రాప్ అనే భారీ రోబోను తన చేతులతో తయారుచేసుకున్న ఘనురాలు. యుద్ధంలో ఆ రోబో ఆమె పిలిస్తే వచ్చి పక్కన నిలబడి పోరాడుతుంది.

ఈ పాత్ర గురించి ఆట ప్రధాన డిజైనర్ జాన్ హెమింగ్‌వే, బ్రిటన్‌కు చెందిన యూరోగేమర్ వెబ్‌సైట్‌తో మాట్లాడారు. ఇలాంటి ఆటల్లో అనుభవం పెరిగేకొద్దీ ఆటగాళ్లు తమ పాత్రకు కొత్త విద్యలు ఎంచుకుంటూ పోతారు. ఆ విద్యల వరుసను స్కిల్ ట్రీ అంటారు. గేజ్‌కు అలాంటివి మూడున్నాయి. అందులో ఒకదాని పేరు బెస్ట్ ఫ్రెండ్స్ ఫరెవర్. ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు చేయూతనిచ్చే విద్యలు అందులో ఉంటాయి. ఉదాహరణకు క్లోజ్ ఇనఫ్ అనే విద్య. గురి తప్పి గోడకో బండకో తగిలిన తూటా, కొన్నిసార్లు అక్కడి నుంచి ఎగిరి దగ్గరలో ఉన్న శత్రువు మీదికి వెళ్తుంది. అలా వెళ్లిన తూటాకు బలం సగమే ఉంటుంది. అయినా కొత్తవాళ్ల ప్రయత్నం వృథా పోదు.

ఇంతవరకూ బాగుంది. కానీ ఆ విద్యల వరుస ఎవరికోసమో చెప్పబోతూ హెమింగ్‌వే, ఇంతకన్నా మంచి మాట దొరకడం లేదంటూనే, దాన్ని గర్ల్‌ఫ్రెండ్ స్కిల్ ట్రీ అన్నారు. తనకు ఇలాంటి ఆటలంటే ఇష్టమని, ఇంట్లో మనిషిని కూడా ఆటలోకి తీసుకురావాలంటే ఆమెకు గురిచూసి కాల్చడం రాకపోతే ఎలా అని, ఆ ఇబ్బంది తీర్చడానికే ఇదని ఆయన మాటల సారాంశం. మరుసటి పూటకల్లా అది గర్ల్‌ఫ్రెండ్ మోడ్ అనే శీర్షికతో ప్రపంచమంతా పాకింది. కంపెనీ అధిపతి రాండీ పిచ్‌ఫోర్డ్ ట్విట్టర్‌లో వివరణ ఇచ్చారు. ఆటలో అలాంటి మోడ్ ఏదీ లేదని, బాగా అలవాటున్నవాళ్లతో కలిసి తక్కువ అలవాటున్నవాళ్లు ఆడటానికి వీలు కల్పించే స్కిల్ ట్రీ మాత్రమే ఉందని అన్నారు.

నిజమే, ఆటలో ఎక్కడా ఆ మాట లేదు. కానీ ఆ వివరణ ఒకసారి జాగ్రత్తగా వినండి. తక్కువ అలవాటున్నవాళ్లు అని ఆయన అన్నారు. ఆ మాట ముందే దొరికి ఉంటే గొడవే లేదు. మొదటి మనిషి నోట గర్ల్‌ఫ్రెండ్ అన్న మాట ఎందుకంత సులువుగా వచ్చిందన్నదే మనం ఆలోచించాల్సింది.

ముందు ఒక విషయంలో న్యాయంగా మాట్లాడాలి. ఆ విద్యల వరుస రూపకల్పన మంచి పని. మొదటిసారి కంట్రోలర్ పట్టుకున్నవాళ్లను ఎప్పుడైనా గమనించారా? రెండు బొటనవేళ్ల కింద రెండు చిన్న పుల్లలుంటాయి. ఎడమ పుల్లతో నడవాలి, కుడి పుల్లతో చూపు తిప్పాలి. నడుస్తూ, చూస్తూ, గురి పెడుతూ, చూపుడువేలితో కాల్చాలి. అన్నీ ఒకేసారి చేయాలి. కొత్తవాళ్లు ఆకాశాన్నో కాళ్ల కింది నేలనో చూస్తూ గోడకు గుద్దుకుంటారు. శత్రువు వెనక నుంచి వచ్చి కాల్చేస్తాడు. పక్కన ఉన్న అనుభవజ్ఞులు పదడుగులు ముందుకెళ్లిపోయి ఉంటారు. పావుగంటలో విసుగు, అరగంటలో అవమానం, ఆ తర్వాత ఇక ఆ ఆట జోలికి రారు. ఈ కష్టాన్ని అర్థం చేసుకుని, ఓపిగ్గా దారి కట్టిన డిజైనర్‌ను నేను మెచ్చుకుంటాను. తన మనిషితో కలిసి ఆడాలన్న ఆయన కోరికలోనూ ప్రేమే ఉంది.

మరి తప్పెక్కడ జరిగింది? గర్ల్‌ఫ్రెండ్ అన్న ఆ ఒక్క మాటలో మూడు ఊహలు దాక్కున్నాయి. ఆడేది మగవాడు అన్నది మొదటిది. అతనికి తోడుగా కూర్చునేది ఆడమనిషి అన్నది రెండోది. ఆమెకు ఆట రాదు అన్నది మూడోది. ఈ మూడింటిలో ఒక్కటీ ఆట నియమాల్లో లేదు. బోర్డర్‌ల్యాండ్స్ మొదటి భాగంలో లిలిత్, రెండో భాగంలో మాయా అనే శక్తిమంతమైన ఆడ పాత్రలున్నాయి. గేజ్ సంగతి ఇందాకే చెప్పాను, సొంతంగా రోబో కట్టిన పిల్ల. తెర లోపలి అమ్మాయి ఇంజినీరు. తెర బయట కంట్రోలర్ పట్టుకున్న అమ్మాయి మాత్రం గురి తెలియనిది. ఆట కథ రాసేటప్పుడు కలిగిన గౌరవం, ఆట గురించి లోకానికి చెప్పేటప్పుడు మిగల్లేదు.

ఆ ఊహలు నిజానికీ దూరమే. అదే 2012లో అమెరికా ఆటల పరిశ్రమ సంఘం ఎంటర్‌టైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అసోసియేషన్ ప్రకటించిన లెక్క ప్రకారం, ఆ దేశంలో వీడియో గేమ్స్ ఆడేవాళ్లలో 47 శాతం స్త్రీలు. పద్దెనిమిదేళ్లు దాటిన స్త్రీలు 30 శాతం ఉంటే, పదిహేడేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న మగపిల్లలు 18 శాతమే. ఫోన్‌లో ఆడే చిన్న ఆటలు కూడా ఇందులో ఉన్నాయనుకోండి. అయినా పరిశ్రమ తన సొంత లెక్కలోనే ఇంతమందిని చూపించి, మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్లను అతిథులుగా చూడటం సరైన పని కాదు.

మన తెలుగు ఊళ్లలో పిల్లలు ఆడుకునేటప్పుడు మరీ చిన్నవాడు ఏడుస్తూ వస్తే వాణ్ణి కూడా చేర్చుకుంటారు. వాడు పరిగెత్తవచ్చు, దాక్కోవచ్చు, కానీ వాడు దొరికినా ఔటు కాడు. వాణ్ణి ఆటలో అరటిపండు అంటాం. అందులో తప్పేం లేదు, మురిపెమే ఉంది. ఎందుకంటే అది వయసును బట్టి ఇచ్చిన వెసులుబాటు. వచ్చే ఏడాదికి వాడూ పెద్దవాడవుతాడు, వాడికీ దొంగ వంతు వస్తుంది. అదే వెసులుబాటు మీద ఆడపిల్లల పేరు రాసిపెడితే ఏమవుతుంది? అప్పుడు అది ఈ ఏడాదితో పోయేది కాదు. ఎన్నేళ్లు ఆడినా, ఎంత నేర్చుకున్నా ఆమె అరటిపండుగానే మిగిలిపోతుంది. కొత్తదనం ఏ మనిషికైనా కొన్నాళ్లే ఉంటుంది. దాన్ని ఒక జాతికి అంటగడితే అది జీవితాంతం వదలదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. అలా పేరు పెట్టిన సాయాన్ని మగవాడు తీసుకోలేడు. అరవై దాటిన తండ్రి కొడుకుతో ఆడదామని కూర్చున్నాడనుకోండి. చేతి వేళ్లు వణికే మనిషి ఉన్నాడనుకోండి. చదువు ధ్యాసలో పడి ఎప్పుడూ ఆటలు ముట్టని కుర్రాడు హాస్టల్లో స్నేహితులతో చేరాడనుకోండి. వీళ్లందరికీ గురి తప్పినా ఫలించే తూటా కావాలి. కానీ అది ఆడవాళ్ల కోసం పెట్టిందని చెప్పాక, దాన్ని ఎంచుకోవడానికి సిగ్గుపడతారు. అంటే ఆ మాట ఆడవాళ్లను తక్కువ చేసింది, అవసరమున్న మగవాళ్లకు సాయం అందకుండా చేసింది. ఒకే మాటతో రెండు నష్టాలు.

ఆటలంటే మగపిల్లలవే అన్న ఈ భావన మొదటి నుంచీ లేదు. 1980లో జపాన్‌లో పుట్టిన ప్యాక్‌మ్యాన్ సృష్టికర్త తోరు ఇవతాని, ఆడవాళ్లు, జంటలు కూడా వచ్చి ఆడే ఆట చేయాలనుకున్నానని ఎన్నోసార్లు చెప్పారు. 1981లో అటారీ తెచ్చిన సెంటిపీడ్ రూపకర్తల్లో ఒకరు డోనా బెయిలీ. 1982లో లక్షలమందిని కట్టిపడేసిన రివర్ రెయిడ్ విమానాల ఆటను ప్రోగ్రామ్ చేసింది కరోల్ షా. సాహస కథల ఆటలకు పునాది వేసినవాళ్లలో రోబెర్టా విలియమ్స్ ముందు వరుసలో ఉంటారు. అప్పటికి ఇవి అందరి ఆటలే.

1983లో అమెరికాలో ఈ వ్యాపారం కుప్పకూలింది. దుకాణాలవాళ్లు వీడియో గేమ్ అంటేనే భయపడే రోజులవి. రెండేళ్ల తర్వాత నింటెండో కంపెనీ తన యంత్రాన్ని అక్కడ అమ్మడానికి ఒక ఉపాయం పన్నింది. దానికి ఒక రోబో బొమ్మను జతచేసి, ఆటవస్తువుగా అమ్మకానికి పెట్టింది. ఆటవస్తువుల దుకాణాల్లో మగపిల్లల అరలు వేరు, ఆడపిల్లల అరలు వేరు. ఏదో ఒకవైపే సర్దాలి. మగపిల్లల వైపు సర్దారు. ప్రకటనలూ వాళ్ల కోసమే తయారయ్యాయి. 1989లో వచ్చిన చేతి యంత్రం పేరే గేమ్ బాయ్. తొంభైల్లో పెరిగిన మగపిల్లవాడి చేతికి పుట్టినరోజుకు కంట్రోలర్ వచ్చింది, వాడి చెల్లెలి చేతికి బొమ్మ వచ్చింది. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ చెల్లెలికి గురి రావడం లేదంటే, ఆ ఇరవయ్యేళ్ల సాధన ఎవరికి దక్కిందో చూడాలి గదా.

సాధనే అసలు తేడా అనడానికి కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో 2007లో జరిగిన పరిశోధన ఒకటి చెప్తాను. వస్తువులను మనసులోనే తిప్పి చూసే శక్తి, చూపు చివర్లో ఉన్నవాటిని పసిగట్టే శక్తి మగవాళ్లకు పుట్టుకతోనే ఎక్కువని చాలాకాలం అనుకునేవారు. అక్కడి పరిశోధకులు కొంతమంది స్త్రీ పురుషుల చేత ఒక యాక్షన్ గేమ్‌ను మొత్తం 10 గంటలు ఆడించారు. ఆ కాస్త సాధనతోనే స్త్రీలు ఎక్కువ మెరుగుపడ్డారు, ఇద్దరి మధ్య తేడా బాగా తగ్గిపోయింది. పది గంటలంటే ఒక వారాంతం. పది గంటల సాధనతో తగ్గే తేడాను పట్టుకుని, పుట్టుకతో వచ్చిన లోపమని లోకానికి చెప్పడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

బోర్డర్‌ల్యాండ్స్ సంగతి ఒక్కటే అయితే పొరపాటున దొర్లిన మాట అని వదిలేయవచ్చు. కానీ అదే ధోరణి మళ్లీ మళ్లీ కనిపించింది. 2013 నవంబరులో ఎక్స్‌బాక్స్ వన్ అనే ఆటల యంత్రం మార్కెట్‌లోకి వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఒక ఉత్తరం నమూనా విడుదల చేసింది. ఆ యంత్రం కొనడానికి ఇంట్లో ఆమెను ఒప్పించాలంటే మగవాడు ఏమని రాయాలో అందులో ఉంది. నేను జాంబీలను చంపుతుంటే చూడటం కన్నా అల్లికలు అల్లుకోవడమే నీకిష్టమని తెలుసు అనే ధోరణిలో సాగే ఉత్తరం అది. విమర్శలు వెల్లువెత్తాక, ఎవరికి తగ్గట్టు వాళ్లు మార్చుకునేలా దాన్ని సవరించారు. అల్లికలు అల్లడం తక్కువ పనేం కాదు. కానీ జాంబీలను చంపడమూ అల్లికలూ రెండూ ఒకే మనిషికి ఇష్టం కావచ్చన్న ఆలోచనే ఆ ఉత్తరం రాసినవాళ్లకు రాలేదు.

మరుసటి ఏడాది, 2014 జూన్‌లో, లాస్ ఏంజిలెస్‌లో ఈ-త్రీ అనే వీడియో గేమ్స్ ప్రదర్శన జరిగింది. ఫ్రాన్స్ కంపెనీ యుబిసాఫ్ట్ అక్కడ అసాసిన్స్ క్రీడ్ యూనిటీని చూపించింది. ఫ్రెంచి విప్లవ కాలపు పారిస్‌లో నలుగురు కలిసి ఆడే ఆట. నలుగురూ మగవాళ్లే. ఆడ పాత్ర ఎందుకు లేదని అడిగితే, క్రియేటివ్ డైరెక్టర్ అలెక్స్ అమాన్సియో పని భారం గురించి చెప్పారు. ఆడ పాత్రను చేర్చాలంటే కదలికలు, గొంతులు, దుస్తులు, అన్నీ రెట్టింపు చేయాల్సి వస్తుందన్నారు. అదే సంస్థ చేస్తున్న ఫార్ క్రై 4 ఆటలోనూ కలిసి ఆడేందుకు ఆడ పాత్రను పెట్టాలనుకుని చివరికి పెట్టలేకపోయారన్న విషయం ఆ రోజుల్లోనే బయటపడింది.

అప్పుడు ఆ రంగంలోని మనిషే ఒకరు ముందుకొచ్చి మాట్లాడారు. అసాసిన్స్ క్రీడ్ ఆటల వరుసలోనే అంతకుముందు పనిచేసిన యానిమేటర్ జోనథన్ కూపర్. తన అనుభవం ప్రకారం అది ఒకటి రెండు రోజుల పని అని ఆయన అన్నారు. 2012లో అదే వరుసలో వచ్చిన లిబరేషన్ కథానాయిక అవెలీన్, ఆ ఏడాది మగ కథానాయకుడు కానర్ కదలికలనే చాలావరకు పంచుకుందని ఉదాహరణతో చూపించారు. చరిత్ర తెలిసినవాళ్లు ఇంకోటి గుర్తుచేశారు. ఆ విప్లవంలో 1793లో మరా అనే నాయకుణ్ణి అతని స్నానాల గదిలోనే పొడిచి చంపింది షార్లెట్ కోర్డే అనే యువతి. హంతకుల కథ చెప్పే ఆటకు, ఆ కాలంలో అందరికీ తెలిసిన హంతకురాలు కనిపించలేదు. యూనిటీ వచ్చిన మరుసటి ఏడాది, అదే వరుసలోని సిండికేట్ ఆటలో ఈవీ ఫ్రై అనే నాయికను తెచ్చారు. 2018లో ఒడిస్సీ ఆటలో కసాండ్రా వచ్చింది. చేయాలనుకున్నప్పుడు పని కుదిరింది. పని భారం అన్నది అంతకుముందు అడ్డు వచ్చిందంటే, కేటాయింపులు జరిగేటప్పుడు ఆ పని జాబితా అడుగున ఉండిపోయిందని అర్థం.

కంపెనీల మాటలు కంపెనీల దగ్గరే ఆగిపోవు. అవి ఆడేవాళ్ల మధ్యకు దిగుతాయి. జట్టుగా ఆడే ఆటల్లో ఒకరితో ఒకరు మైకులో మాట్లాడుకోవాలి. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. హేలో 3 అనే ఆటలో చేరి, ముందే రికార్డు చేసిన మామూలు మాటలను కొన్నిసార్లు మగ గొంతుతో, కొన్నిసార్లు ఆడ గొంతుతో వినిపించారు. కొన్నిసార్లు ఏ గొంతూ లేకుండా ఆడారు. మాటలు అవే, ఆట తీరూ అదే. కానీ ఆడ గొంతు విన్నప్పుడు అవతలివాళ్ల నుంచి వచ్చిన చెడ్డ మాటలు మిగతా రెండు సందర్భాల కన్నా మూడు రెట్లు ఎక్కువ.

ఆడవాళ్లకు గురి రాదని నమ్మేవాళ్లు, గురి తప్పని అమ్మాయి ఎదురైతే ఏం చేస్తారో కూడా చరిత్రలో నమోదైంది. 2016లో దక్షిణ కొరియాలో గెగురి అనే పేరుతో ఆడే టీనేజి అమ్మాయి ఓవర్‌వాచ్ అనే జట్టు ఆటలో జార్యా పాత్రతో అద్భుతంగా రాణించింది. ఆమె గురి చూసి ప్రత్యర్థి ఆటగాళ్లు ఇది మోసమని, గురి కుదిర్చే సాఫ్ట్‌వేర్ ఏదో వాడుతోందని ఆరోపించారు. ఆట కంపెనీ విచారించి మోసం లేదని తేల్చింది. అంతటితో ఆగక ఆ అమ్మాయి స్టూడియోలో కెమెరాల ముందు కూర్చుని, తన చేతులు అందరికీ కనిపించేలా ఆడి చూపించింది. ఆరోపించినవాళ్లలో ఇద్దరు ఆట నుంచే తప్పుకున్నారు. 2018లో షాంఘై డ్రాగన్స్ జట్టు ద్వారా ఓవర్‌వాచ్ లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆమే. గురి తప్పితే ఆడపిల్ల కదా అంటారు. గురి కుదిరితే మోసం చేసిందంటారు. ఒక అమ్మాయి గెలవడానికి దారే లేని ఈ తీర్పును పెంచి పోషించేది, పైనుంచి పడుతూ వచ్చిన ఆ చిన్న చిన్న మాటలే.

మరి కొత్తవాళ్లను ఎలా పిలవాలి? ఇది తెలియని విద్య కాదు. చాలామంది చక్కగా చేసి చూపించారు. 1992లో వచ్చిన సోనిక్ 2లో రెండో కంట్రోలర్ పట్టుకున్నవాళ్లు టెయిల్స్ అనే నక్కపిల్లగా ఆడతారు. అది పడిపోయినా మళ్లీ ఎగురుకుంటూ వస్తుంది, ఆట ఆగదు. 2007లో సూపర్ మారియో గెలాక్సీలో రెండో మనిషి తెర మీద గుర్తును కదిలిస్తూ నక్షత్ర ముక్కలు ఏరుకుంటారు, శత్రువులను పట్టి ఆపుతారు. దాని పేరు కో-స్టార్ మోడ్. సహనటులన్నమాట. ఆ రెండో మనిషి తాతగారైనా, నాలుగేళ్ల పాప అయినా ఆ పేరు అందరికీ గౌరవంగానే ఉంటుంది. 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్‌లో బండి రోడ్డు దిగకుండా కాపాడే సౌకర్యానికి స్మార్ట్ స్టీరింగ్ అని పేరు పెట్టారు. సాయం అవసరమైన మనిషి ఎవరో ఆ పేరు చెప్పదు, సాయం ఏమిటో చెప్తుంది.

2018లో వచ్చిన సెలెస్ట్ కథ ఇంకా నేర్పుతుంది. అది ఒంటరిగా ఆడే ఆట అయినా ఇక్కడ చెప్పాలి. మాడెలిన్ అనే అమ్మాయి ఒక పర్వతం ఎక్కుతుంది. చాలా కష్టమైన ఆట. అందుకే వేగం తగ్గించుకునే, అలసట లేకుండా చేసుకునే ఏర్పాటు అందులో పెట్టారు. మొదట దానికి చీట్ మోడ్ అని పేరు అనుకున్నారు. అంటే మోసపు పద్ధతి. అది ఆడేవాళ్లను తీర్పు తీర్చినట్టుందని గ్రహించి అసిస్ట్ మోడ్ అని మార్చారు. ఆట విడుదలయ్యాక కూడా, ఆ ఏర్పాటును పరిచయం చేసే వాక్యాలు కొందరిని నొప్పిస్తున్నాయని తెలుసుకుని మళ్లీ తిరగరాశారు. ఒక చిన్న బృందం తన సొంత వాక్యాన్ని అంత శ్రద్ధగా సరిచూసుకుంది. పెద్ద కంపెనీలకు అంతకన్నా ఎక్కువ సమయం ఉంది, ఎక్కువమంది మనుషులు ఉన్నారు.

ఇక కో-ఆప్ ఆటల్లో నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్వీడన్ నుంచి వచ్చింది. జోసెఫ్ ఫారెస్ నడిపించే హేజ్‌లైట్ స్టూడియో 2021లో ఇట్ టేక్స్ టూ అనే ఆట తెచ్చింది. దాన్ని ఒక్కరే ఆడటం కుదరదు, ఇద్దరు తప్పనిసరి. విడాకుల అంచున ఉన్న మే, కోడీ అనే భార్యాభర్తల కథ అది. వాళ్లిద్దరూ బొమ్మలుగా మారిపోయి, తిరిగి మనుషులు కావడానికి కలిసి ప్రయాణం చేస్తారు. ఇంట్లో మే ఇంజినీరు, కోడీ ఇల్లు, తోట చూసుకునే మనిషి. దాన్ని వింతగా చూపించలేదు, మామూలుగానే చూపించారు. ప్రతి అధ్యాయంలో ఇద్దరికీ వేరు వేరు శక్తులు ఇస్తారు. ఒకచోట కోడీ గోడకు మేకులు విసురుతాడు, మే ఆ మేకులకు సుత్తి తగిలించి ఊగుతూ దాటుతుంది. ఇంకోచోట కోడీ మండే జిగురు చల్లితే, మే దాన్ని నిప్పుతో వెలిగిస్తుంది. ఒకరు లేకపోతే ఇంకొకరు అడుగు కదపలేరు. అసలు ఆటగాళ్లు, పక్కన కూర్చున్నవాళ్లు అనే తేడాయే అందులో లేదు. ఒకరు కొంటే చాలు, రెండో మనిషి ఉచితంగా చేరేందుకు ఫ్రెండ్స్ పాస్ ఇచ్చారు. ఆ పేరులోనూ స్నేహమే ఉంది. ఆ ఏడాది డిసెంబరులో ద గేమ్ అవార్డ్స్ వేడుకలో అదే ఉత్తమ ఆటగా నిలిచింది. 2025లో అదే స్టూడియో తెచ్చిన స్ప్లిట్ ఫిక్షన్‌లో ఇద్దరూ ఆడవాళ్లే, మియో, జోయ్ అనే రచయిత్రులు. మగవాళ్లు కూడా ఆ ఇద్దరిలో ఒకరై సంతోషంగా ఆడుతున్నారు.

ఇదంతా ఎక్కడో అమెరికాలో, జపాన్‌లో జరిగిన గొడవ కదా అని మీకు అనిపించవచ్చు. మన ఇళ్లలో కంట్రోలర్లు తక్కువైనా ఫోన్లు ఎక్కువ. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం నిషేధించేదాకా పబ్‌జీ మొబైల్‌లో, ఆ తర్వాత 2021 నుంచి బీజీఎంఐలో, నలుగురు నలుగురుగా స్క్వాడ్ కట్టి మన పిల్లలు ఆడుతూనే ఉన్నారు. వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు. మైకు మ్యూట్‌లో పెట్టుకుని, ఎవరికీ తెలియని పేరు పెట్టుకుని ఆడేవాళ్లు ఉన్నారు. గొంతు వినిపిస్తే ఏం వినాల్సి వస్తుందో వాళ్లకు తెలుసు. జట్టుకు శత్రువు ఎక్కడున్నాడో చెప్పాల్సిన పిల్ల నోరు మూసుకుని ఆడితే, నష్టం ఆమెకే కాదు, జట్టుకు కూడా.

ఇందులో ఉద్యోగాల సంగతి కూడా ఉంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థ స్టూడియో పనిచేస్తోంది. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం ప్రకటించింది. రేపు ఈ ఆటలు తయారుచేసేది మన ఇంజినీరింగ్, ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో చదువుతున్న పిల్లలే. ఆటలంటే ఇష్టంతోనే చాలామంది ఆ రంగంలోకి వెళ్తారు. పదేళ్ల వయసులో ఇవి నీ ఆటలు కావని విన్న ఆడపిల్ల, ఇరవై రెండేళ్ల వయసులో ఆ స్టూడియో తలుపు తడుతుందా? ఆమె ఆ గదిలో లేకపోతే, గర్ల్‌ఫ్రెండ్ అన్న మాట బయటికి రాకముందే, అలా అనకూడదని చెప్పే మనిషి ఎవరు?

కాబట్టి ఇద్దరికి నా విన్నపం. ఆటలు తయారుచేసేవాళ్లు, వాటి గురించి ప్రకటనలు రాసేవాళ్లు వింటుంటే, సాయం ఎంతైనా పెట్టండి, దాని పేరు మాత్రం అవసరాన్ని బట్టి పెట్టండి. కొత్తగా ఆడేవాళ్ల కోసం అనండి, సరదాగా ఆడేవాళ్ల కోసం అనండి, గురి నేర్చుకుంటున్నవాళ్ల కోసం అనండి. అది నలభై ఏళ్ల మగవాడూ తీసుకోగలడు, పదిహేనేళ్ల అమ్మాయి నెల తర్వాత అక్కర్లేదని వదిలేయగలదు. విలేకరి మైకు ముందు ఒక మాట అనే ముందు, ఆ మాట వినే ఆడపిల్ల ఆ ఆటను మీకన్నా బాగా ఆడుతూ ఉండవచ్చని గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో అమ్మానాన్నలకు, అన్నలకు రెండో విన్నపం. కంట్రోలరో ఫోనో ఆడపిల్ల చేతికి ఇచ్చేటప్పుడు నీకు రాదులే, ఊరికే పట్టుకో అనకండి. ఎడమచేత్తో నడువు, కుడిచేత్తో చూడు అని చెప్పండి. గురి తప్పితే మళ్లీ కాల్చమనండి. తమ్ముడికి ఎన్ని అవకాశాలు ఇచ్చారో అక్కకూ అన్నే ఇవ్వండి. ఆమెకు నచ్చకపోతే మానేస్తుంది, అది ఆమె ఇష్టం. నచ్చితే నేర్చుకుంటుంది, మీకు మంచి జోడీ దొరుకుతుంది. జట్టులో తనకూ లెక్క ఉందని తెలిసిన మనిషే మనసు పెట్టి ఆడుతుంది. అలాంటి జట్టే గెలుస్తుంది.